తడి బొగ్గు మంట

వాడపల్లి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో, సున్నపురాయిని కాల్చే ఇనుప గొట్టం, కిల్న్ మూతి ముందు ఇద్దరు నల్లద్దంలోంచి మంటను చూస్తున్నారు. ఒకరు పాత ఆపరేటరు, మరొకరు నెల కిందట కోదాడ నుంచి వచ్చి చేరిన షిఫ్ట్ ఇంజనీరమ్మ.

“అన్నా, మంట గొట్టం లోపలి ఇటుకల్ని తాకుతోంది. బర్నర్‌లో మంటను తిప్పే సుడిగాలి తగ్గించు.”

“తగ్గిస్తే మంట బర్నర్‌ను ఇడిసిపెట్టి ఆరిపోతది మేడం. బొగ్గు తడిగున్నది.”

“ఇలాగే ఉంచితే?”

“గిట్లనే ఎడల్పుగ తిరుగుతది. నడుమల వేడి గాలి ఎనక్కి మర్లి వస్తున్నది సూడుండ్రి, గా వేడే మంటను పట్టుకొని ఉన్నది.”

“ఇటుక ఊడిపోతే?”

“బయట ఇనుము ఎర్రవడ్తది. ఒక కాడ అప్పుడే ఎర్రవడ్డది, పొద్దున అరచేతంత ఉండె, ఇప్పుడు చాటంత అయింది. సల్లవడాలని నాలుగు ఫ్యాన్లు పెట్టిన.”

“మరి కిల్న్ ఆపేద్దాం.”

“ఈ వారం ఆపొద్దని మేనేజర్ సారు చెప్పిండు.”

“ప్రమాదమైతే ఆపే అధికారం నాకుంది కదా?”

“ఉన్నది. మీకంటే ముందున్న సారు కూడ గట్లనే ఆపిండు.”

“ఆయన ఇప్పుడెక్కడ ఉన్నారు?”

“ఏమో మేడం. ఆయన జాగలనే మీరొచ్చిండ్రు.”

ఆమె నల్లద్దం దించి, గొట్టం మీది ఎర్రమచ్చ వైపు తిరిగింది.

“ఇంకో ఫ్యాన్ దొరుకుతుందా అన్నా?”