ఉప్మాతో ఇంటర్వ్యూ

అమెరికాలోని పిస్కాటవేలో ఓ అద్దె ఇంటి వంటగది. రేపు సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ ఉన్న అమ్మాయి పొయ్యి దగ్గర నిలబడింది. ఆమె సీనియర్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

“పోయినసారి ఇంటర్వ్యూలో కోడ్ కరెక్టుగానే రాశాను కదక్కా, ఎందుకు రిజెక్ట్ చేశారో!”

“అరగంట నోరు విప్పలేదన్నావు కదే. నీ బుర్రలో ఏం నడుస్తోందో వాళ్లకెలా తెలుస్తుంది? ఇప్పుడు ఉప్మా చెయ్యి. చేసే ప్రతి పనీ పైకి చెప్పు.”

“సిగ్గేస్తోందక్కా.”

“రేపు ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందు చెప్పాలి. కానీయ్.”

“నూనె కాగింది, ఆవాలు వేస్తున్నా. అవి చిటపటలాడాకే ఉల్లిపాయలు. ముందే వేస్తే ఆవాలు వేగవు.”

“కారణం కూడా చెప్పావు, శభాష్!”

“నీళ్లు మరిగాయి. రవ్వ పోస్తూ, ఉండ కట్టకుండా కలుపుతున్నా... అయ్యో.”

“ఆగిపోయావేం?”

“ఉప్పు వెయ్యలేదక్కా.”

“రేపు కోడ్‌లో తప్పు దొర్లినా ఇలాగే మూగనోము పడతావా?”

“లేదు, చెప్తా. ఇప్పుడు పైన చల్లితే ఉప్పు అంతటా కలవదు. కాసిని వేడినీళ్లలో కరిగించి పోస్తున్నా. రుచి చూస్తున్నా... సరిపోయింది!”

“ఇంకేం, నీకు ఉద్యోగం ఇచ్చేశా. ప్లేటు పెట్టు, ఆకలేస్తోంది.”

“ఆగక్కా, జీడిపప్పు చివర్లో ఎందుకు వేస్తున్నానో ఇంకా చెప్పనే లేదు!”