అమ్మ తీసిన కార్డు

సాజీ, దమ్ముంటే ఇది నమ్ము చూద్దాం. ఇంకో గంటలో ఆపరేషన్ పెట్టుకోని మా అమ్మ మంచం మింద కూర్చోని పాట పాడుకుంటాంది. పాట మే! నాకు ఆపరేషన్ వద్దు, ఇంటికి పోదాం పా అంటాంది.

నవ్వే బొమ్మ పెట్టొద్దు. బిరబిరా టైపు చేస్తాండా, తప్పులొస్తే సర్దుకో.

ప్రొద్దుటూరులో ఆసుపత్రి మెట్ల మింద ఉండా. రెండైంది. మూడింటికి లోపలికి తీస్కపోవల్ల. ఆపరేషన్ ఒప్పుకోలు కాయితం మింద ఏలిముద్ర వెయ్యమ్మా అంటే అమ్మ చేతులు కొంగులో దాపెట్టుకునింది, సంటిపిల్ల మాదిరి.

గడ్డ ఎంతుందంటావా? జనవరిలో చింతగింజంత. ఇప్పుడు నిమ్మకాయంత. ఇంక ఆగితే నా చేతుల్లో లేదు అన్నాడు డాక్టరు.

ఎందుకొద్దంటే, దేవుడు బాగుచేస్తానని మాటిచ్చినాడంట. కత్తి పెట్టించుకుంటే ఆయన మాట నమ్మనట్టంట.

ఆ మాట యాడిదో చెప్తా. ఎవురికీ చెప్పలే ఇంతవరకు.

కొత్త సంవత్సరం నాడు మా చర్చిలో వాగ్దానం కార్డులు తీస్తాం. బుట్టలో చుట్టి పెడతారు, కండ్లు మూసుకోని ఒకటి తీయల్ల. ఏదొస్తే అది ఆ సంవత్సరానికి దేవుడు నీకు చెప్పిన మాట. నచ్చలేదని ఇంకోటి తీయగూడదు. మార్చుకోగూడదు. అమ్మకు సదువు రాదు, నేను చదివి చెప్పల్ల.

అమ్మ తీసింది. నేను విప్పినా. ఏముండాది అనుకుంటాండావు? నువ్వు నీళ్లలో బడి పోయేటప్పుడు నేను తోడుంటా, అని.

నీళ్లు మే! మా అమ్మకు! కొండాపురం కాడ మా అవ్వోళ్ల ఊరు గండికోట డ్యాం నీళ్లలో పాయె. పుట్టిన ఇల్లు మునిగేది ట్రాక్టర్ మింద నిలబడి చూసింది. ఇప్పటికీ ట్యాంకు నిండే సప్పుడుకు ఉలిక్కిపడ్తాది. అప్పటికి గడ్డ మంచిది కాదని డాక్టరు నాకొకదానికే చెప్పినాడు. అట్లాంటామెకు ఆ కార్డు యట్ల చదవల్ల?

నా కార్డు చూసుకున్నా. నీ రోగం బాగుచేస్తా అని ఉండాది. జరం గూడా రాని నాకు ఎందుకది?

మార్చినా. రెండు సెకండ్లు. ఇదో మా, నీది ఇది అని చదివినా. ఆమె మొగం ఎట్ల వెలిగింది అనుకున్నావు! శానా మంచిపని చేసినా అనుకున్నా. దేవుని కంటే తెలివైనదాన్ని గదా నేను.

కార్డును కండ్లకద్దుకోని బియ్యం డబ్బా పైన గోడకు అతికిచ్చింది. రోజూ పొద్దున తడుముతాది.

పొద్దున చర్చి అయ్యగారొచ్చినాడు. దీనమ్మా, డాక్టరు చెయ్యి గూడా దేవుడిచ్చిందే, ఒప్పుకో తల్లీ అన్నాడు. అమ్మ ఏమనిందో తెల్సా? "బాగుచేస్తా అన్నాడయ్యా, కోసి బాగుచేస్తా అనలేదు గదా." నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

దేవుడు ఆపచ్చు గదా మే నన్ను? చెయ్యి పట్టుకోని, వద్దు కెజియా అనచ్చు గదా? అనలే. మనిషిని కీ ఇచ్చే బొమ్మ మాదిరి చేయలేదు, సొంత ఇష్టం ఇచ్చినాడు అంటాడు అయ్యగారు. బాగనే ఉండాది. ఇష్టం నాకు, గడ్డ అమ్మకా? ఇదేం లెక్క?

ఏంది? మీ అమ్మ జానీబీ అత్తకు చెప్పి ఈడికి పంపిస్తావా? వద్దు తల్లీ! ఆమెకు తెలిస్తే సాయంత్రానికి మన రాజుపాలెమంతా తెలిసిపోతాది.

నువ్వు సులభంగా చెప్పేయ్ అంటాండావు. నాన్న కువైట్‌లో, సేటు సెలవియ్యలే. ఆమెకు ఈ ఆర్నెల్లు ఆ ఒక్క మాటే ఆసరా. అది నేను పీకేస్తే, అయితే దేవుడు నాకేం చెప్పలేదా పాపా అంటే నేనేం చెప్పల్ల?

చెప్పకుంటే సచ్చిపోతాది. తెలుసు. తెలుసు మే, అరవొద్దు.

అసలు కార్డు నా పర్సులోనే ఉండాది. పొద్దున మళ్లా చదివినా. నీళ్లు రావు అని లేదు దాంట్లో. నొప్పి ఉండదు అని లేదు. తోడుంటా అని, అంతే. ఆ ఆపరేషన్ రూములోకి నన్ను రానియ్యరు సాజీ. అమ్మ ఒకతే పోవల్ల. ఆయనకు జనవరిలోనే తెలుసు గావల్ల ఇది. ఆమెకు కావల్సిన మాటే ఇచ్చినాడు. నేను దాన్ని దొంగిలిచ్చి పర్సులో పెట్టుకున్నా.

ఇంకోటి చెప్తా, తిట్టుకుంటే తిట్టుకో. ఇందాక ఈడ కూర్చోని ప్రార్థన చేసినా. మొదట నోట్లో ఏమొచ్చిందో తెల్సా? అమ్మను బతికిచ్చు అని గాదు. నేను మార్చినట్టు ఎవురికీ తెలియగూడదు ప్రభువా, అని. అమ్మ రెండోది. అమ్మ రెండోది సాజీ.

అప్పటి నుంచి అమ్మ మొగం చూడాలంటే భయం. దేవుడంటే గూడా

ఉండు. నర్సు కేకేస్తాంది, దీనమ్మ తాలూకు ఎవరని. అమ్మ నన్నే రమ్మంటాందంట.

లేస్తాండా. అక్కా వస్తాండా అన్నా. సాజీ నేను చెప్పేస్తా, అమ్మ నన్ను కొట్టినా, ఇంక జన్మలో నాతో