తెల్ల బావగారి బస్సు

అలా గుడ్లురిమి చూడకండి అత్తయ్యా. సమాధి రాతి మీద చెక్కిన బొమ్మలో ఉన్నా మీ చూపు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు! పొద్దున డిపోలో ఏం జరిగిందో మీకప్పుడే ఎవరో మోసేసి ఉంటారు. సరే, నా నోట కూడా వినండి. ఇదిగో, బోర్సోక్‌ పిండి ముక్కలు వేడివేడిగా మీ పేరునే నూనెలో వేయించి తెచ్చాను. ముందు ఆ వాసన పీల్చి, తర్వాత తిట్టండి.

తప్పు నాదా, ఆ యంత్రానిదా?

బస్సుల డిపోలో మైకు ముందు కూర్చునేది నేనే కదా. "తెల్ల బావగారూ, నారిన్ బస్సు తీయండి. పొడుగు చినమామగారూ, కనుమ దగ్గర మంచు పడుతోందట, నెమ్మది." ఇన్నేళ్లూ అలాగే నడిచింది. డ్రైవర్లంతా మీ అబ్బాయి వైపు పెద్దవాళ్లే అయితే నేనేం చేయను? మెట్టినింటి పెద్దల పేర్లు కోడలి నోట రాకూడదని, వచ్చిన మొదటి రోజే నా చేతికి టీ కెటిల్ ఇచ్చి మరీ చెప్పింది మీరు కాదూ?

ఇప్పుడేమో కొత్త యంత్రం దిగింది. డ్రైవరు అసలు పేరు మైకులో చెబితేనే గేటు లేస్తుందట. చెప్పలేదా, గేటు లేవదు, బస్సు కదలదు.

దాన్ని తెచ్చిన రోజు గొర్రెను కోశారండీ! దువా చేశారు. గొర్రె తల ఎవరికి పెట్టాలా అని గొడవ. అందరిలోకీ పెద్దాయనకి పెట్టాలని వీళ్లు, ఇవాళ్టి అతిథి యంత్రమే కదా అని డైరెక్టరు. చివరికి దాని ముందే పెట్టారు. అది తినలేదు. డిపో కుక్క తింది.

సరే, నేను కూర్చుని, "తెల్ల బావగారూ" అన్నాను. "అటువంటి ఉద్యోగి లేరు" అంది. "పొడుగు చినమామగారూ" అన్నాను. ఆయనా లేరట! అంత మనిషి గేటు దగ్గర కూర్చుని హారన్ వాయిస్తుంటే లేరట!

మా డైరెక్టరు మక్సత్... ఈయన మన వంశం కాదు కాబట్టి పేరు చెప్పొచ్చు అత్తయ్యా, మక్సత్, మక్సత్... ఆయనో ఉపాయం పన్నాడు. నురాయిమ్ అని పెళ్లికాని పిల్లను తెచ్చి నా పక్కన కూర్చోబెట్టాడు. నేను "మీసాల బావగారు" అనగానే ఆ పిల్ల అసలు పేరు గడగడా చెప్పేసేది. గేటు లేచేది. హమ్మయ్య అనుకున్నాం. ఎన్నాళ్లు? మీసాల బావగారి అబ్బాయి కంట పడేదాకా! మంచు కరిగేలోపే ఆ పిల్ల తలకి మనవాళ్లు తెల్ల రుమాలు కట్టేశారు. పెళ్లయిన వారం వచ్చి నా పక్కనే కూర్చుంది, మూతి కుట్టేసినట్టు. పేర్లు పలకలేని ఆడవాళ్లం ఒకరికి ఇద్దరమయ్యాం.

ఏమిటీ? మగవాణ్ని పెట్టుకోవచ్చుగా అంటారా? పెట్టారు. కుర్చీలో కూర్చుని మాట్లాడటం ఆడంగి పని అని మధ్యాహ్నానికే లేచిపోయాడు.

అప్పుడు డైరెక్టరు యంత్రంలోని పేర్లే మార్చించాడు. బస్సు కాగితం మీద కూడా "డ్రైవరు: తెల్ల బావగారు" అని అచ్చయింది. నారిన్ దారిలో పోలీసు ఆపి, "ఎవరికి బావవయ్యా నువ్వు?" అని బస్సు పక్కకి పెట్టించాడు. ప్రయాణికులు కోళ్లతో, దుప్పట్లతో నడిచి వెనక్కొచ్చారు. మళ్లీ పాత పేర్లే ఎక్కించారు.

ఆ తర్వాత రాజధాని బిష్కెక్ నుంచి ఎల్దియార్ అని ఒక కుర్రాడొచ్చాడు. మార్పు నేర్పించే ఉద్యోగమట. "అక్కా, మీ లోపల మార్పంటే భయం గూడు కట్టుకుంది. బెలూను మీద రాసి పగలగొట్టండి" అన్నాడు. పగలగొట్టాను. గేటు లేవలేదు. వెళ్తూ వెళ్తూ నేను మొండిదాన్నని రాసిచ్చిపోయాడు. శుక్రవారంలోగా పేర్లు పలక్కపోతే నా కుర్చీ ఇంకొకరికట. అది పోతే నాకు మిగిలేది ఏముంది అత్తయ్యా? మళ్లీ మీ కెటిలే కదా!

పెద్దలందరూ మనింట్లోనే కూర్చుని ఆలోచించారు. టీ పోసింది నేనే. ఒక్కరైనా "ఫర్లేదమ్మా, పేరు పెట్టి పిలువు" అంటారేమోనని కెటిల్ పట్టుకుని నిలబడ్డాను. సంప్రదాయం చెడకూడదన్నారు. బస్సూ ఆగకూడదన్నారు. రెండూ ఎలాగో కోడలే చూసుకోవాలన్నారు. మీ అబ్బాయి తలూపాడు.

చూసుకున్నాను. ఇవాళే ఆ శుక్రవారం. బయట జనం చలిలో అరుస్తున్నారు. కళ్లు మూసుకుని అనేశాను: "బెయిషెన్!"

ఆగండి, లేవకండి! అక్కడే ఉండండి!

గేటు లేచింది. పొడుగు చినమామగారు మాత్రం కదల్లేదు. బస్సు దిగి, కల్పాక్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, "కోడలి నోట నా పేరు విన్నానంటే నేను పోయినట్టేనా?" అని అడిగాడు. "పోయినవాళ్లకి బస్సు ఇవ్వరు, ఎక్కు తాతా!" అని వెనక నుంచి ఎవరో ముసలమ్మ అరిచింది. ఎక్కాడు. ఇక నేను ఆగలేదు. తెమిర్కుల్! జుమాదిల్! కచ్‌కిన్‌బాయ్! పక్కన నురాయిమ్ రుమాలు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆకాశం అక్కడే ఉంది. బస్సులే లేవు, అన్నీ వెళ్లిపోయాయి.

పాపం చేశానంటారా? సరే, పాపమే. అసలు సంగతి అది కాదు. ఇంకొకటుంది, దగ్గరికి జరిగి చెబుతాను.

గేటు లేచిన ప్రతిసారీ ఆ యంత్రం, మైకులో పిలిచినవాళ్లని పేరు పెట్టి, ఒక మాటంటుంది. "ధన్యవాదాలు, జూరకాన్." అంత మెత్తగా! నా పేరేనా అని వెనక్కి తిరిగి చూసుకున్నాను. మీరు "ఓసేయ్" అనేవారు. మీ అబ్బాయి "ఇదిగో" అంటాడు. వాళ్లందరికీ కోడల్ని, పిల్లలకి అమ్మను. మీ సంగతి మాత్రం ఏం గొప్ప? ఈ రాయి చెక్కేవాడు మీ పేరడిగితే మీ అబ్బాయి కాసేపు ఆలోచించాడండీ. నాకూ మీ పేరు తెలిసింది అప్పుడే.

అందుకే... మధ్యాహ్నం తిరిగొచ్చిన బెయిషెన్ని మళ్లీ పిలిచాను. బస్సులో ఒక్క ప్రయాణికుడు లేడు. గేటు లేచింది. యంత్రం నా పేరు పలికింది. ఆయన ఖాళీ బస్సుతో ఊరి చివరిదాకా వెళ్లి, ఏం తోచక తిరిగొచ్చి, "నన్నెందుకు పంపావమ్మా?" అని అడిగాడు.

యంత్రం పంపమంది, నేనేం చేయను అన్నాను.

రేపు కూడా పంపమంటుంది.