ఓడెక్కొచ్చిన ఫోటో మిషన్

కోతలు గోసేటోనికి కరెంటు పోతే పండుగే. నాచారం రోడ్డు మీద దుకాణాలు నడుస్తున్నంతసేపు సిద్దయ్య మాట ఎవ్వనికి ఇనపడది. కరెంటు పోయిందనుకో, పిండి గిర్ని, వెల్డింగు షాపు, జిరాక్సు మిషన్లు అన్నీ ఒక్కసారే బందైతయ్, అందరు ఛాయ్ బండి కాడికి జమైతరు, ఇగ సిద్దయ్య గొంతు సవరించుకుంటడు.

ఆ రోజు సాయంత్రం గూడ గట్లనే అయింది. స్నిగ్ధ ఫోటో స్టూడియో సిద్దయ్యది, బిడ్డ పేరు పెట్టుకున్నడు. దాని ముంగటనే బాలనర్సమ్మ ఛాయ్ బండి. లోపట కౌంటర్ కాడ కూసొని పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిచ్చేది ఆయన భార్య ఉమారాణి. బయట బల్ల మీద కూసొని ముచ్చట జెప్పేది సిద్దయ్య. ఆలుమగలు పని గట్ల పంచుకున్నరు.

బల్ల మీద ఇంకిద్దరున్నరు. ఒకాయన చంద్రయ్య, ఫ్యాక్టరీల జిందగీ అంత పని జేసి రిటైరైనోడు, సిద్దయ్యను వరుస కలిపి అల్లుడా అంటడు. ఇంకొకడు జీవన్, చెంగిచెర్లోడు. పెండ్లిళ్లల్ల సిద్దయ్య తోని కలిసి ఫోటోలు తీసిండు గనుక బావ అంటడు, ఉమారాణిని అక్కా అంటడు. చెంగిచెర్ల పొలాలన్నీ ప్లాట్లయినంక వాళ్ళింట్ల మిగిలింది బర్రెలే. ఇప్పుడు గవి గూడ అమ్మేసిండు. సిద్దయ్య లెక్క తను గూడ జపాన్ కెల్లి ఫోటోలు అచ్చు గొట్టే పెద్ద మిషన్ తెప్పిచ్చుకొని, సొంతంగ దుకాణం పెడ్దామని.

"గీ రేటు ఇయ్యాల్టి దాకనే అన్నడు బావ, జపానోడు. బర్రెల పైసలు ఫోన్లనే ఉన్నయ్. నువ్వు తెప్పియ్యమంటే ఇప్పుడే పంపిస్త" అన్నడు జీవన్.

లోపట ఉమారాణి చేతుల కత్తెర ఆగింది.

ఎందుకంటే, ఎనక అర్రల దుప్పటి కప్పి ఉన్న ఆ పెద్ద మిషన్ల కెల్లి ఇంతవరకు ఒక్క ఫోటో గూడ రాలే. ఆ సంగతి ఆలుమగలిద్దరికే ఎరుక. గల్లీల జనం సూసి మెచ్చుకునే పెద్ద పెద్ద ఫోటోలన్నీ సిద్దయ్య పొద్దున్నే స్కూటర్ మీద ఉప్పల్ పోయి అక్కడి ల్యాబుల తీపిచ్చుకొచ్చినయే. ఫోటో ఎనక దిక్కు దుకాణం ముద్ర గుద్దేది ఉమారాణి. తప్పని తెలిసే గుద్దేది. మిషన్ ఖరాబైన కొత్తల సిద్దయ్య నోరు మూతపడ్డది. తిండి లేదు, ముచ్చట లేదు, గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. కోతలు గొయ్యని సిద్దయ్యను సూస్తే ఆమెకు భయమైంది. ఒక రోజు చంద్రయ్య "ఏం అల్లుడా, జపాన్ మిషన్ ఎట్ల నడుస్తుంది?" అని అడిగిండు. "ఎట్ల నడుస్తదా? ఉరుకుతుంది మామా!" అన్నడు సిద్దయ్య. ఆ పూట కడుపునిండ తిన్నడు. కోతలతోనన్న బతకనియ్యి, ఎవ్వల సొమ్ము పోతుందని ఊకున్నది ఉమారాణి.

ఇప్పుడు జీవన్ సొమ్ము పోయేటట్టున్నది.

"తెప్పియ్యమంటనా వద్దంటనా అన్నది తర్వాత. ముందు నా ముచ్చట ఇను తమ్మి" అని సిద్దయ్య ఛాయ్ గలాసు కింద పెట్టిండు. "నేను పెద్ద పనేం జెయ్యలే. ఈడ డీలర్ కాడికి పోయి రేటడిగిన, ఆయన జెప్పిన రేటుకు నాకు కండ్లు తిరిగినయ్. ఫోన్ల సూస్తే గదే మిషన్ జపాన్ల సగానికే ఉన్నది. ఇగ ఫోన్ గొట్టిన. నేను ఇంగ్లీషుల మాట్లాడిన, ఆయన జపాన్ భాషల మాట్లాడిండు, ఒకని మాట ఒకనికి సమజ్ గాలే, గందుకే బేరం జల్ది తెగింది."

"గంతనేనా?" అన్నది బాలనర్సమ్మ, గిన్నెల ఛాయ్ తిప్పుకుంట.

"గంతనే అంటవేందక్కా! ఉప్పల్ అంగట్ల బెండకాయలు బేరం జేసినట్టు జేసిన. 'వద్దు తియ్' అని ఫోన్ పెట్టేసిన. మళ్ల ఆయననే జేసిండు. మళ్ల పెట్టేసిన. ఆఖరికి ఏడ్సిండు జపానోడు. 'సిద్దయ్య గారూ, మా దేశంల గిట్ల బేరం జేసినోడు లేడు, మిషన్ తీస్కపో, సిరా గూడ ఫిరీగ తీస్కపో, నా దుకాణమొక్కటి నాకు ఇడ్సిపెట్టు' అని ఎక్కిళ్ళు వెట్టి ఏడ్సిండు."

"ఏ భాషల ఏడ్సిండు అల్లుడా?"

"ఏడుపుకు భాషేంది మామా?"

అందరు నవ్విన్రు. ఉమారాణికి నవ్వు రాలే. ఫోన్ల ఏడ్సింది జపానోడు గాదు. మిషన్ ఖరాబైనంక అర్రల తలుపు దగ్గరికేసుకొని, అవతలోనికి సమజ్ గాని తెలుగుల, సిద్దయ్యనే ఏడ్సిండు. ఆమె తలుపు బయట నిలబడి ఇన్నది.

"జీవన్, జర లోపటికి రా. నీతోని పని ఉన్నది" అని పిలిసింది.

"ఏం పనే? ముచ్చట నడుమ!" అని సిద్దయ్య గయ్యిమన్నడు. "కూసో తమ్మి, నువ్వు కదిలితే నాకు తాడు తెగుతది."

"వస్తనక్కా, ఇదైపోనీ" అన్నడు జీవన్. కదలలే.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? మిషన్ ఓడెక్కింది. ఎక్కుడెక్కుడే ఓడ ఒక పక్కకు ఒరిగింది. నడి సముద్రం కెల్లి కెప్టెన్ నాకు ఫోన్ జేసిండు, నేనప్పుడు నాచారంల టమాటలు కొంటున్న, 'సిద్దయ్యా, ఓడ మునిగేటట్టున్నది, ఏం జెయ్యమంటవ్' అన్నడు. 'ఏం ఫికర్ జెయ్యకు, మిషన్‌ను నడిమిట్ల పెట్టు, మనుషులందర్ని లావోళ్ళొక దిక్కు, బక్కోళ్ళొక దిక్కు గాకుంట కలిపి కూసోవెట్టు' అన్న. ఓడ సీదా అయింది. ఇగ మద్రాసుల దిగింది. ఆడ కస్టమ్సాయన పెట్టె ఇప్పిచ్చి పన్ను కట్టుమన్నడు. 'పన్ను సంగతి తర్వాత, ముందు మీ ఫోటో తీస్త' అని ఆడనే ఒకటి తీసి చేతుల పెట్టిన. ఫోటోల మనిషి గంత పడుసుగ వచ్చిండు, గంత పడుసుగ వచ్చిండు, అది సూసుకుంట సూసుకుంట ఆయన మొకం గూడ గట్లనే అయింది. ఇంటికి పోతే పెండ్లాం తలుపు తియ్యలే. 'మా ఆయన లేనప్పుడు రావొద్దు, ఎవరు నువ్వు' అన్నదట!"

"పాపం, మరి ఆయన యాడ పండుకున్నడు?" అన్నడు చంద్రయ్య.

"ఇంక ఆఫీసులనే ఉంటున్నడు. దసర పండుగకు ఫోన్ జేస్తడు నాకు" అని సిద్దయ్య తొడ మీద సరిసిండు. "ఇగ లారీ ఎక్కిచ్చి ఉప్పల్ దాక తెచ్చిన. మీద మెట్రో వస్తుంది, కింద నా లారీ. మెట్రో డ్రైవరు రైలు ఆపి, కిటికీల కెల్లి తొంగి సూసి, 'నువ్వు ముందు పో అన్నా' అన్నడు. గా ఉప్పల్ల ఫ్లైఓవర్ పిల్లర్లు లేసి ఎన్నేండ్లాయె? మీద రోడ్డు ఎందుకు పడ్తలేదనుకున్నరు? నా మిషన్ పోయేదాక జర ఆగున్రి అన్న. ఆగిన్రు. మళ్ల మొదలువెట్టున్రి అని చెప్పుడు నేను మర్సిపోయిన."

"వారీ! అంటే నేను ఉప్పల్ పోయినప్పుడల్ల దుమ్ము మింగుడు నీ పుణ్యమేనా?" అన్నడు చంద్రయ్య.

బాలనర్సమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. జీవన్ గూడ నవ్విండు, గని ఆని కండ్లు ఫోన్ మీదనే ఉన్నయ్. కోతలు కోతలే అని ఆనికి ఎరుక. ఓడ ఒరగలేదని ఎరుక, మెట్రో ఆగలేదని ఎరుక. గని ఇంత కోత కింద ఎంతో కొంత నిజం ఉంటది గద, మిషన్ వచ్చింది, మంచిగ నడుస్తుంది, ఫోటోలు నా కండ్లతోని సూసిన, అని ఆని లెక్క. ఆ లెక్క ఆని మొకం మీద ఉమారాణికి సాఫ్ కనిపిచ్చింది. కోతలు నమ్మనోడే కోతల మునుగుతున్నడు.

"నాకొక్కటే బావ" అన్నడు జీవన్. "ఒక్కసారి మిషన్ నడిపిచ్చి సూపియ్. నా ఫోటో తియ్. సూసి పైసలు పంపిస్త."

"అయ్యో, తీస్తుంటి తమ్మి! మిషన్ ఉన్నది, కాయితమున్నది, సిరా ఉన్నది, కరెంటు లేకపాయె. అంగట్ల అన్నీ ఉన్నయ్, అల్లుని నోట్ల శని ఉన్నదన్నట్టు."

"అల్లునివి నువ్వే గదనయ్యా" అన్నడు చంద్రయ్య.

సిద్దయ్య ఆ మాట ఇననట్టే, ఇంక జోరు పెంచిండు. "నీ ఫోటోదేమున్నది, ఫస్టు దీసిన ఫోటో ముచ్చట ఇను. శివుడుండే కీసర గుట్టది తీసిన. కాయితం వస్తనే ఉన్నది, వస్తనే ఉన్నది, దుకాణం నిండింది, రోడ్డెక్కింది, మౌలాలి దిక్కు పోయింది. పోయి గుట్ట లెక్కనే లేసి నిలబడ్డది. కోతులు నిజం గుట్టనే అనుకొని ఎక్కినయ్. కోతులెక్కినంక మనుషులు ఊకుంటరా? చెప్పులిడిసి ఎక్కుడు షురూ జేసిన్రు. ఫోటోల మెట్లు గూడ వచ్చినయ్ మరి! నర్సమ్మక్కా, నువ్వు గూడ ఎక్కినవ్ గద?"

"ఎక్కిన తియ్. నా మోకాళ్ళకు నీ కాయితం గుట్టనే నయం."

"ఇన్నవా తమ్మి? సాక్ష్యమున్నది! ఇగ జాతర అయింది. కింద పూల బండ్లు వెట్టిన్రు, పుట్నాలు వెట్టిన్రు, కొబ్బరికాయ..."

ఆ మాట కాడ సిద్దయ్య నాలిక తడబడ్డది. ఎన్నడు ఆగని నోరు ఆగింది. గలాసు అందుకున్నడు, అండ్ల ఛాయ్ లేదు, అయినా తాగినట్టు జేసిండు.

సరిగ్గ గప్పుడే కరెంటొచ్చింది. వెల్డింగు షాపు కాడ రేకు మీద మెరుపులు మెరిసినయ్, గిర్ని గుర్రుమన్నది, స్టూడియో బోర్డు ఎలిగింది.

"వచ్చింది బావ! పా, తీద్దాం" అని జీవన్ లేసిండు.

సిద్దయ్య లేవలే. "ఇప్పుడే వచ్చిన కరెంటు తమ్మి, దానికి పడది. పెద్ద జాతి మిషన్ గద, మూడ్ సూసుకొని నడుస్తది. అయినా నీకు నమ్మకం లేదా నా మీద?"

జీవన్ మొకం చిన్నగయింది. "అట్లెందుకంటవ్ బావ? నీ మీద నమ్మకం లేకుంటే బర్రెలెందుకమ్ముత? సరే, నువ్వు జెప్పినవ్ గద, పంపిస్తున్న" అని ఫోన్ పైకెత్తిండు.

ఉమారాణి కౌంటర్ దాటి గడప మీదికొచ్చింది. పెండ్లయిన కాడికెల్లి నలుగుర్ల మొగనికి ఎదురు జెప్పింది లేదు.

"ఏమయ్యా" అన్నది. "ఫస్టు ఫోటో ముచ్చట తర్వాత. కొబ్బరికాయ ముచ్చట జెప్పు."

సిద్దయ్య మళ్ల ఖాళీ గలాసు నోటికి పెట్టుకున్నడు.

"నువ్వు జెప్పవా? నేనే జెప్త. జీవన్, మిషన్ వచ్చిన రోజు పసుపు కుంకుమ పెట్టినం, దండేసినం. గడప కాడ కొట్టయ్యా కాయను అన్న. 'ఓడెక్కొచ్చిన మిషన్, దాని నెత్తి మీదనే కొట్టాలె' అన్నడు. కొట్టిండు. నీళ్ళన్నీ మూత సందుల కెల్లి లోపటికి పోయినయ్. స్విచ్ ఎయ్యంగనే టప్పుమన్నది, పొగ వచ్చింది. గంతనే. ఈడ కంపెనీ మనుషులను అడిగితే, మా కాడ కొనలే గద, కొన్నకాడికే తీస్కపోన్రి అన్నరు. గా మిషన్ ఒక్క ఫోటో తియ్యలే తమ్మి. నువ్వు సూసినయన్నీ ఉప్పల్ల తీపిచ్చినయ్."

ఎవ్వరు నవ్వలే. చంద్రయ్య గూడ నవ్వలే.

"నలుగుర్ల ఇజ్జత్ దీస్తవా?" అని సిద్దయ్య లేసిండు. గొంతు పెద్దగ చేద్దామనుకున్నడు, అది చిన్నగనే వచ్చింది.

"నీ ఇజ్జత్ పోతే రేపు మళ్ల దెచ్చుకుంటవ్, నోరున్నది నీకు. బర్రెల పైసలు పోతే వాడు యాడికెల్లి దెచ్చుకుంటడు?" ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్, తుడుసుకోలే. "నీ కోతలు నాకు బరువుగాలే. నువ్వు తింటున్నవ్, నవ్వుతున్నవ్, చాలనుకున్న. గని ఇంకొకల ఇల్లు ముంచేదాక ఊకోలేనయ్యా."

జీవన్ ఫోన్ చేతులనే పట్టుకొని సిద్దయ్య దిక్కు తిరిగిండు. "నువ్వు జెప్పు బావ. తెప్పియ్యాల్నా, వద్దా?" అన్నడు.

సిద్దయ్యకు తప్పిచ్చుకునే దారి ఇంక ఉన్నది. నా పెండ్లాం పరాష్కమాడుతుంది అని ఒక్క నవ్వు నవ్వితే సరిపోతుండె. కోతలు గోసేటోనికి గదెంత పని? ఉమారాణి ఆయన నోటి దిక్కే సూసుకుంట నిలబడ్డది, ఏమొస్తదో అని.

సిద్దయ్య బల్ల మీద కూలబడ్డడు.

"ఈడనే కొనుక్కో తమ్మి" అన్నడు. "జర ఎక్కువైతది. కానియ్యి. ఖరాబైన్నాడు పోయి దుకాణం ముంగట కూసొని లొల్లి వెట్టనీకె ఒక మనిషుంటడు. నేను లొల్లి వెడ్దామంటే నడుమ సముద్రముండె."

జీవన్ ఫోన్ జేబుల పెట్టుకున్నడు. సిద్దయ్య పక్కన కూసొని ఆయన మోకాలు మీద చెయ్యి ఏసిండు. బాలనర్సమ్మ అడగకుంటనే అందరికి ఛాయ్ పోసింది.

ఛాయ్ సగం తాగినంక సిద్దయ్య తలెత్తిండు.

"ఒక్కటి మాత్రం ఇనున్రి" అన్నడు, మెల్లగ. "ఆ కొబ్బరికాయ ఒక్క దెబ్బకే పగిలింది. సమానంగ రెండు చెక్కలు. గిది కోత గాదు."

చంద్రయ్య ఏదో అనబోయిండు. ఉమారాణి అననియ్యలే.

"అవు" అన్నది. "ఒక్క దెబ్బకే పగిలింది. నేను సూసిన."