అమ్మీ పేరుకు తాళం

“నా దుకాణానికి నువ్వు తాళమేసినవ్, అక్షయ్. పేరు మా అమ్మీది, పని మా ఆడోళ్లది, తాళంచెవి మాత్రం నీ జేబుల. దీన్ని దొంగతనం అనకుంటె ఇంకేమంటరో నువ్వే చెప్పు.”

సైదాబాద్‌లో మందుల షాపు మీది అంతస్తు, వెబ్‌సైట్లు చేసిపెట్టే అక్షయ్ ఆఫీసు. కుర్చీ చూపించినా అతియా కూర్చోలేదు. తోడుగా వచ్చిన అన్న దస్తగీర్ తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

“ఆపా, జర కూసోండ్రి. చాయ్ చెప్త.”

“చాయ్ వద్దు. కంప్యూటర్ల మా సైట్ తెరువు. మా అమ్మీ పేరు, ఇక్బాలున్నీసా దుల్హన్ అని కొట్టు.”

“కొట్టిన. వచ్చింది. మంచిగనే నడుస్తుంది గద.”

“బొమ్మలెవరివి?”

“మీయే. మీరు కుట్టిన పెళ్లి దుపట్టాలే. ఈ ఎర్రది నేనే ఫొటో తీసిన, మీ ఇంటి మిద్దె మీద.”

“కింద అడ్రస్ చదువు.”

“అదీ... సర్వర్ల జర ప్రాబ్లం ఉండి—”

“సర్వర్ సంతోష్‌నగర్‌ల నా ఇంటిని ఎత్తుకపోయి చార్మినార్ కాడ పెట్టిందా? చదువుమంటున్న.”

“షాబాజ్ షోరూం. చార్మినార్ దగ్గర.”

“అరె అక్షయ్, షరం లేదా నీకు? పండుగనాడు మా చెల్లె ఇంట్ల సేమ్యా తింటివి. తిని గిట్ల చేస్తవా?”

“నువ్వు జర ఆగు భాయ్. నేను మాట్లాడుతున్న గద.”

“ఆగుత అతియా, ఆగుత. కానీ వీన్ని వదలద్దు.”

“వదల. విను అక్షయ్. నిన్న మా ఇల్లు ఎరుకున్న ఒకామె వచ్చి మా గడపల దుపట్టా ఇసిరికొట్టింది. నికా నాడు బిడ్డకు కప్పితే జరీ ఊడి చేతులకొచ్చిందట. మిషిన్ పని, నైలాన్ దారం. ఇక్బాలున్నీసా చేతిపని అని చెప్పి గిట్ల ముంచుతరా అని తిట్టింది. నాతోని కుట్టే నీలమ్మ మగ్గం మీదికెల్లి లేచి, ఇది మా పని కాదమ్మా అని బతిలాడింది. ఆమె నమ్మలే. ఫోన్ల సైట్ తీసి నా మొఖం ముందట పెట్టింది. అమ్మీ పేరు. మా బొమ్మలు. నేనేం జవాబియ్యాలె?”

“నాకు తెల్వదాపా. నాకు చెప్పిన పని నేను చేసిన.”

“ఎవరు చెప్పిండ్రు?”

“ఓనర్.”

“ఓనర్ ఎవరు?”

“మీరే. అంటే... మీ ఫ్యామిలీ.”

“నేను చెప్పిన్నా నీకు?”

“నన్నడగకుండ్రి ఆపా. మీరు మీరు ఇంట్ల మాట్లాడుకోండ్రి.”

“చూసినవా అతియా, మాట మారుస్తుండు. నా చెల్లెతోని మాట్లాడేటప్పుడు సీదా మాట్లాడు అక్షయ్. లేకుంటె ఈ కంప్యూటర్ కింద పడతది.”

“దస్తగీర్ భాయ్, మీరు గూడ గిట్లంటె ఎట్ల?”

“నేను గూడ అంటె ఏంది? ఛోడ్, ఇడిచిపెట్టు అతియా. వీనితోని లొల్లి వద్దు. కొత్త సైట్ పెట్టుకుందాం. అతియా దుల్హన్ అని నీ పేరు మీద. మస్తుంటది.”

“అమ్మీ పేరు ఇడిచిపెట్టాల్నా?”

“పేరుల ఏముంది?”

“ఏం లేకుంటె షాబాజ్ సేఠ్‌కు ఎందుకు కావాలె భాయ్?”

“నాకేమెరుక? పెద్దోళ్ల ఆటలు.”

“అక్షయ్, ఆ సైట్ పేరు ఎవరి ఖాతాల ఉన్నది?”

“నా ఖాతాల. మీకోసమే కొన్న ఆపా, మీకు ఫికర్ ఉండద్దని. పాస్‌వర్డ్ నా దగ్గర ఉంటది.”

“నాకెందుకియ్యలే?”

“మీరు అడగలే.”

“ఇల్లు కట్టిన మేస్త్రీ నేనడిగిందాంక తాళంచెవి ఇయ్యకుండ ఉంటడా?”

“అందరం గట్లనే చేస్తమాపా. ఇస్తె కస్టమర్లు పోగొట్టుకుంటరు. మళ్ల మా మీదనే పడతరు.”

“అందరు గట్లనే చేస్తరు. అంటే ఈ సైదాబాద్‌ల ఎన్ని దుకాణాల తాళాలున్నయి నీ జేబుల? నువ్వు సైట్ చేసిచ్చిన ఆ టైలర్‌కు ఎరుకనా, తన బోర్డు నీ పేరు మీద ఉన్నదని? ఆ స్కూల్ యూనిఫాంలు కుట్టే ఆమెకు ఎరుకనా? అడిగితె మేడం, ఆపా, చాయ్. అడగకుంటె పేరు నీది.”

“గట్లనద్దు. పాస్‌వర్డ్ ఒక్కటుంటె నేను ఏం చెయ్యలేను. ఏది మార్చాలన్నా ఫోనుకు కోడ్ పోతది. ఆ కోడ్ ఎవరన్న చదివి చెప్తెనే మారుతది.”

“షాబాజ్ అడ్రస్ పెట్టిననాడు కోడ్ పోయిందా?”

“పోయింది.”

“చదివి చెప్పిండ్రా?”

“చెప్పిండ్రు. రేపు ఇంకోటి పోతది. రేపటికెల్లి పేరంత షాబాజ్ సేఠ్ ఖాతాలకు మారుతది. అంతే ఆపా, నాకెరుకున్నది. ఇంక నన్నడగకుండ్రి.”

“అతియా, నమాజ్ టైమైతుంది. పోదాం పా.”

“కోడ్ ఎవరి ఫోనుకు పోయింది, అక్షయ్?”

“మీరు ఇచ్చిన నంబరుకే.”

“నేను భాయ్ నంబర్ ఇచ్చిన. నా నంబర్ బయట పెడితె తాగుబోతోళ్లు ఫోన్ చేసి పాటలు పాడతరని అన్నిటికీ భాయ్ నంబరే పెట్టుమన్న. సైట్ మీద, కార్డు మీద, డబ్బాల మీద.”

“అదే నంబరుకు పోయిందాపా.”

“అబద్ధం. అతియా, వీడు మన ఇద్దరికి కొట్లాట పెడుతుండు. కోడ్లు మస్తు వస్తయి నాకు. బ్యాంకోళ్లయి, గ్యాసోళ్లయి. ఏది ఏందో నాకేం తెలుస్తది?”

“ముందుగాలైతే కోడ్ రాంగనే గల్లీలకెల్లి అరిచి చెప్పేటోడివి భాయ్. పాలాయన గూడ వినేటోడు. మీ అన్నకు లాటరీ తగిలిందా అని నీలమ్మ నవ్వేది. ఈసారి మా గల్లీల ఎవరికీ వినపడలే.”

“పా అతియా, నమాజ్‌కు ఆలస్యమైతుంది.”

“చెప్పు భాయ్.”

“సరె. చదివిన. ఏమైతది? అమ్మీ నీకొక్కదానికే అమ్మీనా?”

“కాదు.”

“ఆ పేరు నాది గూడ. నంబర్ నాది, గొంతు నాది. పెళ్లోళ్లతోని తిట్లు తిన్నది నేను. ఫోనెత్తితె అతియా ఆపాకు ఇయ్యి అంటరు. నేనెవరు మరి? షాబాజ్ సేఠ్ కౌంటర్ల కుర్సీ ఏసిండు నాకు. దస్తగీర్ సాబ్ అంటరు ఆడ.”

“నన్ను అడిగితె నా కుర్సీ ఇస్తుంటి గదా.”

“అడగాల్నా? నీకు కనపడలేదా?”

“కనపడలే. గందుకు నన్ను తిట్టు, మగ్గం ఇరగ్గొట్టు. అమ్మీ ఏం చేసింది నీకు? కండ్లు మసకబారేదాంక సూది పట్టిన మనిషి పేరును నైలాన్ దారానికి ఇచ్చినవ్.”

“మిషిన్ మాల్ సంగతి షాబాజ్ సేఠ్‌ది. నాకు తెల్వది.”

“దస్తగీర్ భాయ్ ఫోన్ చేసి మార్చుమంటెనే మార్చిన ఆపా. నా తప్పేం లేదు.”

“నీ తప్పు లేదా? నా మిద్దె ఎక్కి ఫొటోలు తీసినవ్. దుకాణం ఎవరు నడుపుతరో కండ్లార చూసినవ్. నాకొక్క ఫోన్ చెయ్యనీకి చెయ్యి రాలే నీకు.”

“భాయ్ చెప్తె మీరు చెప్పినట్టే అనుకున్న.”

“మగగొంతు వినపడంగనే ఓనర్ అనుకున్నవ్. అనుకోవుడు ఆసాన్, అక్షయ్. ఇంగ కంప్యూటర్ దిక్కు తిరుగు. ఆ పేరు నా ఖాతాలకు మార్చు. పాస్‌వర్డ్ నేను కొడ్త, నువ్వు కండ్లు మూసుకో. ఫోన్ నంబర్ నాది పెట్టు. తాగుబోతోళ్ల పాటలు నేనే వింట.”

“మారుస్త. కానీ దానికి గూడ ముందుగాల పాత నంబరుకే కోడ్ పోతదాపా.”

“ఎరుకే.”

“అతియా, ఇనరాదు. ఇంటికి పోయి నిమ్మలంగ మాట్లాడుకుందాం. షాబాజ్ సేఠ్‌కు జబాన్ ఇచ్చిన నేను, మాట తప్పరాదు.”

“ఆడ కౌంటర్ల కూసుండి ఇంకోటి గూడ ఇచ్చినవ్ గద. మా అమ్మీ చేతిపని, కసం, ఒట్టేస్తున్న అని.”

“ఎవరు చెప్పిండ్రు నీకు?”

“దుపట్టా ఇసిరికొట్టినామె. మీ అన్ననే విప్పి చూపించిండు, అమ్మీ మీద కసం తిన్నడు, గందుకే కొన్న అన్నది.”

“అంటే నిన్ననే తెలుసా నీకు? మరి పొద్దుగాల నన్ను తోడు రమ్మంటివి. మగోడు పక్కన ఉంటె వీడు భయపడతడు అంటివి.”

“అక్షయ్‌తోని లొల్లి పెట్టుకోనికి నాకు తోడు కావాల్నా భాయ్? నేను తోలుకొచ్చింది నిన్ను కాదు, నీ జేబుల ఫోన్‌ను. అక్షయ్, నొక్కు.”

“నొక్కిన ఆపా. కోడ్ పోయింది.”

“మోగింది భాయ్. తియ్యి. షాబాజ్ కోసం గుసగుసగ చదివినవ్ గద, ఇప్పుడు గల్లీల అరిచినట్టు అరువు. సంతోష్‌నగర్ దాంక, మగ్గం మీదున్న నీలమ్మకు వినపడాలె. చదువు.”