రాలిన అద్దం, రాలని అద్దం

పక్కకు బోల్తాపడ్డ పికప్ ట్రక్కును షెడ్డుకు లాక్కొచ్చారు. అద్దాలు బిగించే అతనూ, బండి నడిపినావిడా దాని ముందు నిలబడ్డారు.

"కిటికీ అద్దంలో ఈ గుంట చూడక్కా. బండి పడ్డ వైపు మీ పాప భుజం ఆనిన చోటు."

"అద్దమంతా బీటలే! అయినా రాలలేదేం?"

"రెండు పలకల మధ్య పొర ఉంది. అదే పట్టుకుంది. లేకపోతే పాప బండి కిందికి జారేది."

"అమ్మ బాబోయ్! దానికి భుజం కమిలిందంతే. తమ్ముడూ, ముక్కలైపోయిన నా వైపుక్కూడా ఇదే బిగించు."

"తలుపులు బిగుసుకుపోయాయిగా, మీ ఇద్దరినీ ఎలా తీశారు?"

"నా వైపు అద్దం మీద సుత్తితో ఒక్కటేశారు. జలజలా రాలిపోయింది."

"పొర ఉంటే అలా రాలేది కాదక్కా."

ఆవిడ ఆ గుంటలో అరచెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

"అయితే నా వైపు మళ్ళీ రాలిపోయేదే బిగించు."