దీపం కింద కోడలు

గురువారం మధ్యాహ్నం, ఇంటి కింద నేలమాళిగ. తొమ్మిది వైన్ పీపాలు, ఒక బల్ల, ఒక్క దీపం. అత్త గ్లాసులు తుడుస్తోంది, కోడలు అందిస్తోంది.

"శనివారం ఆరుగురు వస్తుంటే ఆరు గ్లాసులు చాలవా అత్తయ్యా?"

"చాలవట. పీపా మారినప్పుడల్లా గ్లాసు మారాలట. వాళ్లలో వైన్ వాసన పట్టి తీర్పు చెప్పే ఆ ముక్కు పంతులు చీటీ పంపాడుగా. గ్లాసు పల్చగా ఉండాలి, ఎవరూ అత్తరు పూసుకోకూడదు, గదిలో వంట వాసన రాకూడదు. ఇంకా ఉమ్మడానికి ఒక బకెట్."

"ఉమ్మడానికా?"

"తాగరు తల్లీ. పుక్కిలించి ఉమ్ముతారు. మీ మామయ్య ఒక్క చుక్క బల్ల మీద ఒలికితే వేలితో తుడిచి నాకేవాడు. వీళ్లు బకెట్‌లో ఉమ్మి, పాత తోలు వాసన, పొగాకు వాసన అని పేర్లు పెడతారట. తోలు వాసనే కావాలంటే చెప్పుల కొట్టుకి పోవచ్చుగా, ఇంత దూరం ఎందుకు?"

"పెద్ద హోటళ్లకి కొనేవాళ్లు కదా. నచ్చితే ఏటా మన వైనంతా వాళ్లే తీసుకుంటారు."

"నచ్చకపోతే?"

"మీరే అన్నారుగా. ద్రాక్షతోటని పక్కనున్న వైన్ ఫ్యాక్టరీవాడికి అప్పజెప్పి చేతులు దులుపుకోవడమేనని."

"ద్రాక్ష తొక్కల్లో చక్కెర నీళ్లు కలిపి అమ్మే వెధవ వాడు. వాడి చేతికి నా తోటా! అందుకే చెప్తున్నా, శనివారం ఎక్కడా తేడా రాకూడదు. ఆ మూల పీపా మీద పట్టా కప్పు. బూజు పట్టిన పీపా మన దగ్గరుందని దండోరా వేయక్కర్లేదు."

"కప్పుతాను. పారబోయమంటే వినరు."

"పారబోస్తే మళ్లీ నింపేదెవరు, మీ నాన్నా? సరే విను. మా వాడు గేటు దగ్గర వాళ్లని పలకరించి, తోట చూపించి కిందికి తీసుకొస్తాడు. నేను పీపా దగ్గర ఉంటాను. నువ్వు బల్లకి అవతల, దీపం కింద, నాకెదురుగా..."

"శనివారం నేను ఉండను అత్తయ్యా. పొద్దున చెప్పాను."

"నాకు వినపడలేదు."

"రెండుసార్లు చెప్పాను. బేకరీ ఆయన పదింటికి రమ్మన్నాడు, పని ఖాయం చేసుకోవడానికి."

"బేకరీలో నువ్వేం చేస్తావు?"

"ఇక్కడ చేసేదే. కడగడం, తుడవడం. కాకపోతే అక్కడ పూటపూటా తిట్టేవాళ్లుండరు."

"రొట్టె కాలిందో మాడిందో చెప్పడానికైనా నోట్లో నాలుక ఉండాలి."

"అదిగో. రుచి తెలియని చెక్క నాలుకదాన్ని. రెండేళ్లుగా వింటున్నాను. మరి చెక్క నాలుకదానితో మీకు శనివారం ఏం పని?"

"గ్లాసులు అందించడం."

"మీ అబ్బాయి అందిస్తాడు."

"వాడి చేతులెప్పుడైనా చూశావా? ట్రాక్టరు తోలే చేతులు. పట్టుకుంటే గ్లాసు రెండవుతుంది."

"పక్కింటి పిన్నిగారిని పిలవండి."

"ఆవిడ వాగుడు మధ్య ఇక ముక్కు పంతులు నోరు తెరిచినట్టే. బేకరీకి సోమవారం వెళ్లు."

"సోమవారానికి ఇంకొకరిని పెట్టుకుంటాడట. అసలు నేనెందుకు ఉండాలో చెప్పండి, ఉంటాను."

"ఇంట్లో కోడలు లేకపోతే వాళ్లేమనుకుంటారు?"

"వాళ్లు వచ్చేది వైన్ కోసం, నా కోసం కాదు."

"ఆ గొడవ తర్వాత. ముందు ఐదో పీపాలోంచి రెండు గ్లాసులు పట్టుకురా. శనివారం ఏది ముందు పోయాలో తేల్చాలి."

"మళ్లీ నేనే ముందు తాగాలా?"

"నువ్వే."

"పాలల్లో విషముందేమోనని పిల్లికి పోసి చూసినట్టు."

"పిల్లి నయం, ఎదురు చెప్పదు. వెళ్లు."

"ఇదిగోండి, మీది మీ ముందు పెట్టాను."

"నువ్వక్కడ చీకట్లో నిలబడ్డావేం? దీపం కిందికి రా. అటు తిరిగి తాగుతావేం? ఇటు తిరుగు."

"తాగడం అయిపోయింది. ఇక మీరు కానివ్వండి."

"ఎలా ఉంది?"

"చెక్క నాలుకదాన్ని అడుగుతారేంటి? తాగి మీరే చెప్పండి."

"తాగాను."

"ఊఁ?"

"పులుపు సరిపోయింది. వగరు కొంచెం ఉంది. ఉండాలి కూడా."

"వాసన?"

"వాసనకేం. మంచి వాసన."

"మంచి అంటే ఎలాంటిది?"

"ద్రాక్ష వైన్ ద్రాక్ష వాసన కాక మల్లెపూల వాసన వస్తుందా? ప్రశ్నలూ నువ్వూ."

"అయితే శనివారం ముక్కు పంతులుకి ముందు ఇదే పోద్దామా?"

"ఇదే. వాసన పీల్చి నోరు వెళ్లబెట్టాలి వాడు."

"వెళ్లబెడతాడు. అత్తయ్యా, అది ఐదో పీపా కాదు."

"మరి?"

"మూల పీపా. నేను తాగలేదు, ఊరికే అటు తిరిగాను. ఒళ్లు మండి తెచ్చాను. వెళ్లిపోయేలోపు ఒక్కసారైనా మీరు ఉమ్ముతుంటే చూద్దామనుకున్నాను. తడిసిన గోనెసంచి కంపు అది. మీ ముందున్న గ్లాసు నాకు ఇక్కడికి కొడుతోంది."

"ఆ దీపం చిమ్నీ మసి పట్టింది. తుడువు."

"అత్తయ్యా."

"గుడ్డ మేకుకి ఉంది."

"మొన్న పాలు మాడి ఇల్లంతా కమురు వాసన కొడితే నేను పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాను. మీరు వంటింట్లోనే, పొయ్యికి వీపు పెట్టి బీన్స్ తుంచుకుంటున్నారు. పరధ్యానం అనుకున్నాను. మీకు వాసన తెలియడం లేదు."

"మెల్లగా మాట్లాడు. పైన మా వాడున్నాడు."

"ఎప్పటినుంచి?"

"మీ మామయ్య చనిపోయిన ఏడాది నాకు జ్వరం వచ్చిందే, అప్పటినుంచి. అది పోతూ పోతూ ముక్కు పట్టుకుపోయింది. పులుపు, చేదు, వగరు తెలుస్తాయి. మిగతాదంతా నీళ్లే."

"అదెలా? రెండేళ్లుగా ఏ పీపా ఎప్పుడు తీయాలో మీరే చెప్పారు. ఒక్కటీ తప్పలేదు. మూలది చెడిందని కూడా ముందు మీరే కనిపెట్టారు."

"నేను కనిపెట్టలేదు. అది నోటిదాకా పోకుండానే నువ్వు ముక్కు ముడిచావు."

"అందుకా నన్ను దీపం కింద నిలబెట్టేది?"

"నీ మొహానికి దాచడం రాదు. బాగుంటే కుడి కనుబొమ్మ లేస్తుంది. ఇంకో నెల ఆగాలంటే పెదవి కొరుకుతావు. మరీ బాగుంటే మింగడం మర్చిపోయి నిలబడతావు. పోయిన నెల ఐదోది నోట్లో పోసుకుని అలాగే నిలబడ్డావు, దొంగ దొరికినట్టు."

"మా ఆయనకి తెలుసా ఈ సంగతి?"

"వాడికి తెలిస్తే సాయంత్రంలోపు ఫ్యాక్టరీవాడి ఇంట్లో ఉంటాడు, తోట కాగితాలతో."

"అయితే వినండి. శనివారం పీపా దగ్గర నేను నిలబడతాను. ముందు రుచి చూసేదీ నేనే, వాళ్లకి చెప్పేదీ నేనే. మీరు దీపం కింద గ్లాసులు అందించండి."

"నా ఇంట్లో నేను గ్లాసులు అందించాలా?"

"మీ ఇష్టం. బేకరీ ఉండనే ఉంది."

"ఊఁ. ఐదోది ముందు పోస్తావా?"

"పోయను. ముందు రెండోది. అది తాగాక తాగితేనే ఐదోదాని గొప్ప తెలుస్తుంది. మూల పీపా రేపే పారబోస్తాను."

"ఇంకేమైనా ఉన్నాయా దొరసానిగారికి?"

"ఒక్కటే. నా నాలుక మీద ఇల్లు నడుపుతూ, దాన్నే చెక్క నాలుక అని రెండేళ్లు ఎందుకు తీసిపారేశారు?"

"దాని విలువ నీకు తెలిస్తే ఇదిగో, ఇలా మాట్లాడతావనే."